పేరు చెరిగిన ఫ్రేముకు తండ్రి ఎవరు?



సైకిలు మీద డబుల్స్ వెళ్లనివారు మన ఊళ్లలో ఎవరున్నారు? ఒకరు తొక్కుతారు, ఒకరు క్యారియర్ మీద కూర్చుంటారు. టాండెం సైకిలు అలా కాదు. దానికి రెండు సీట్లు, రెండు జతల పెడళ్లు. ఇద్దరూ తొక్కాల్సిందే. హ్యాండిల్ తిప్పేది మాత్రం ముందున్నవారే. వెనకున్నవారికి ఎదుటి మనిషి వీపు తప్ప దారి సరిగా కనిపించదు. ఇక కొండదారుల్లో రాళ్ల మీద నడపడానికి చేసిన మౌంటెన్ టాండెం అయితే, ఇద్దరి ప్రాణాలూ ఆ ఒక్క ఫ్రేము మీదే ఆధారపడి ఉంటాయి.

అలాంటి పాత ఫ్రేములు అమెరికాలో చేతులు మారుతూ ఉంటాయి. స్టిక్కర్లు ఊడిపోయి, మీద ఎవరో వేరే రంగు పూసేసి ఉంటారు. కొన్నవారి మొదటి ప్రశ్న ఒక్కటే: దీన్ని చేసింది ఎవరు? మంచి ప్రశ్నే. దాని గురించి నేను చెప్పదలచింది కూడా ఒక్కటే. పేరు వెతకండి, కాని పేరు అంటగట్టకండి.

ఎందుకంటే, పేరుతోపాటు ధర పెరుగుతుంది. శాంటానా, ఐబిస్, కో-మోషన్, వెంటానా వంటి పేర్లు వినగానే పాత సైకిళ్లు ఇష్టపడేవారి కళ్లు మెరుస్తాయి. అందుకే అతుకులు నున్నగా కనిపిస్తే చాలు, "ఇది ఫలానావారి పనే" అనేస్తారు. ఇత్తడి కరిగించి అతుకును నున్నగా తీర్చే పని ఒక్కరికే వచ్చిన విద్య కాదు. మనకు కావాలనిపించింది వేరు, మన చేతిలో ఉన్న సాక్ష్యం వేరు.

మరి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ముందు ఫ్రేమును తిరగేయండి. టాండెంకు పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టాలు రెండుంటాయి. రెండింటి అడుగునా, వెనక చక్రం బిగించే చోటా నెంబరు కోసం చూడండి. నెంబరు దొరికినంత మాత్రాన పని అయిపోదు. అన్ని కంపెనీలకూ కలిపి ఒకే పద్ధతి లేదు, ఎవరి లెక్క వారిదే. తెలిసిన కంపెనీ ఫ్రేము నెంబరుతో పోల్చి చూసినప్పుడే అది మాట్లాడుతుంది.

తర్వాత కొలతలు తీసుకోండి. వెనక హబ్బు కూర్చునే వెడల్పు పాత మౌంటెన్ బైకుల్లో చాలావాటికి 135 మిల్లీమీటర్లు, చాలా టాండెంలకు 140 లేదా 145. శాంటానావారు 160కి వెళ్లారు. అయితే 160 కనిపించగానే శాంటానా అని రాసేయకండి. ఆ కొలతలో ఇతరులూ చేశారు. ఉక్కు ఫ్రేమును తర్వాత సాగదీసి వెడల్పు చేయడమూ ఉంది. ఫోర్కు గొట్టం సంగతీ అంతే. ఒకటింబావు అంగుళం కొలత పేరు చెప్పగానే గ్యారీ ఫిషర్ గుర్తొస్తాడు. కాని గట్టిగా ఉంటుందని టాండెం చేసేవాళ్లు కూడా దాన్ని వాడుకున్నారు. ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పకూడదు.

కాలం తెలుసుకోవడానికి విడిభాగాలు సాయం చేస్తాయి. షిమానో భాగాల మీద రెండు ఇంగ్లిషు అక్షరాలు చెక్కి ఉంటాయి. మొదటిది సంవత్సరం, రెండోది నెల. 'ఏ' అంటే 1976, 'బి' అంటే 1977, అలా సాగుతుంది. 'ఎన్ సి' అని ఉంటే 1989 మార్చి. 2001లో 'జెడ్' వచ్చాక 2002లో మళ్లీ 'ఏ' మొదలైంది కాబట్టి భాగం తీరు కూడా చూసుకోవాలి. భాగాలు మార్చేసి ఉండవచ్చు. నాలుగైదు భాగాలు ఒకే కాలాన్ని చూపిస్తే నమ్మకం పెరుగుతుంది.

ఇంకో మాట. "చేసినవారు" అంటే ఎవరు? 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి కాలిఫోర్నియాలో 'మౌంటెన్ బైక్స్' పేరుతో వ్యాపారం మొదలుపెట్టారు. ఆ ఫ్రేములను అతికింది టామ్ రిచీ. 1981లో స్పెషలైజ్డ్ అమ్మిన స్టంప్‌జంపర్ జపాన్‌లో తయారైంది. అమెరికన్ కంపెనీ ష్విన్ పేరుతో అమ్ముడైన సైకిళ్లను తైవాన్‌లో జెయింట్ కంపెనీ చేసి ఇచ్చింది. స్టిక్కర్ మీద ఉన్నది అమ్మినవారి పేరు. నిప్పు దగ్గర నిలబడి గొట్టాలు అతికిన చేయి మరొకరిది కావచ్చు. అందుకే ఈ రెండు ప్రశ్నలనూ విడివిడిగా అడగాలి.

దయచేసి మొదటి రోజే రంగు గీకేయకండి. పక్కనుంచి టార్చి లైటు వేసి చూస్తే పూసిన రంగు కింద పాత అక్షరాల అంచులు కనిపించవచ్చు. ముందు గొట్టం మీద బిళ్ల బిగించిన రెండు చిన్న రంధ్రాలుంటే వాటి మధ్య దూరం కూడా ఒక గుర్తే. గీకేశాక అవి తిరిగి రావు. ముందు ఫొటోలు తీయండి, తర్వాతే గీకుడు కాగితం ముట్టుకోండి.

ఇంత వెతికినా పేరు దొరకకపోతే? "చేసినవారు తెలియదు, కాలం సుమారుగా ఇది, అందుకు ఆధారాలు ఇవి" అని రాసి పెట్టండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. గొప్ప పేరున్న స్టిక్కరు తెచ్చి అంటిస్తే కొనేవారిని మోసం చేసినట్టే. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. పేరు చూసి ధైర్యం తెచ్చుకుని పగుళ్లు వెతకడం మానేస్తాం. ముందు గొట్టం అతుకుల దగ్గర, పెడళ్ల ఇరుసుల దగ్గర, వెనక చక్రం బిగించే చోట వెంట్రుకంత గీత ఉన్నా, ఏ పేరూ దాన్ని ఆపలేదు.

టాండెం నడిపేవారికి ఒక మంచి అలవాటు ఉంటుంది. గొయ్యి వస్తే ముందున్నవారు "గొయ్యి" అని గట్టిగా చెబుతారు, వెనకున్నవారికి కనపడదు కాబట్టి. మీ వెనక సీటులో కూర్చునేది మీ భార్య కావచ్చు, మీ బిడ్డ కావచ్చు. ఫ్రేము గురించి మీకు ఎంత తెలుసో, ఎంత తెలియదో ఎక్కకముందే వారికి చెప్పండి.