భద్రాచలం చెత్తకే దిక్కులేదు.. ఇక సముద్రం మాటేంటి?

ప్లాస్టిక్ కాలుష్యాన్ని ఆపే అంతర్జాతీయ ఒప్పందం కోసం 2025 ఆగస్టులో జెనీవాలో జరిగిన చర్చలు ఏమీ తేలకుండానే ముగిశాయి. 2024లో బూసాన్‌లోనూ ఇదే జరిగింది. ప్లాస్టిక్ ఉత్పత్తికే పరిమితి పెట్టాలని చాలా దేశాలు పట్టుబడితే, సౌదీ అరేబియా వంటి చమురు దేశాలు ఒప్పుకోలేదు.

ఈ పేచీ ఎందుకు తెగదో తెలియాలంటే జెనీవా దాకా పోనక్కర్లేదు, భద్రాచలం చూస్తే చాలు. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. పట్టణం తెలంగాణలో మిగిలింది, చుట్టుపక్కల భూమి పక్క రాష్ట్రానిదైంది. డంపింగ్ యార్డుకు జాగా లేక చెత్త గోదావరి కరకట్ట పక్కకు చేరుతూ వచ్చింది. ఎటపాక సహా ఐదు పంచాయతీలను తిరిగి ఇవ్వాలన్న డిమాండ్ వెనుక ఈ బాధ కూడా ఉంది.

వరదకు సరిహద్దు తెలియదు. 2022 జులైలో ఇక్కడ నీటిమట్టం 71 అడుగులు దాటింది. అలాంటప్పుడు ఒడ్డున పడేసిన కవర్లు, సీసాలు పాపికొండలు, ధవళేశ్వరం మీదుగా బంగాళాఖాతం దారి పడతాయి. ఆ సముద్రం మన ఒక్కరిదే కాదు. బంగ్లాదేశ్, శ్రీలంక, మయన్మార్ జాలర్లకూ అదే బతుకుతెరువు.

దక్షిణాసియా దేశాలకు కొలంబో కేంద్రంగా 1982 నుంచే పర్యావరణ సహకార సంస్థ ఉంది. గోదావరి నీళ్ల వాటాకు 1980లోనే ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది. నీళ్లు పంచుకోవడం తెలిసిన రాష్ట్రాలకు చెత్త బాధ్యత పంచుకోవడం ఎందుకు చేతకాదు? ఐదు ఊళ్లు ఎవరివో తేలేదాకా ఆగనక్కర్లేదు. ఇద్దరికీ కలిపి ఒక యార్డు, వానలకు ముందే కరకట్ట శుభ్రం చేయడం.. ఈమాత్రం దానికి ఐక్యరాజ్యసమితి అక్కర్లేదు.