కొవ్వాడకీ మనకీ ఎంత దూరం?
మొన్న టీ కొట్టుకాడ ఒకాయన "అణు ప్లాంటు కొవ్వాడలో కదా, మనకేటి?" అన్నాడు.

2011 మార్చి 11న సునామీకి జపాన్‌లో ఫుకుషిమా ప్లాంటు దెబ్బతింది. ముందు 20 కిలోమీటర్ల లోపు జనాన్నే పంపించేశారు. ఈటాటే అనే ఊరు దగ్గర దగ్గర 40 కిలోమీటర్లు. గాలి అటు తిరిగింది, వాన, మంచు పడ్డాయి. ఏప్రిల్లో ఆ ఊరినీ ఖాళీ చెయ్యమన్నారు. పశువుల మీద బతికే ఊరండి అది! పాలు పారబోసుకున్నారు. తర్వాత పరీక్షలో పాసైన బియ్యం కూడా, ఫుకుషిమా పేరు వింటే కొనడానికి జనం జంకారు, రేటు పడిపోయింది.

కొవ్వాడలో 1208 మెగావాట్లవి ఆరు పెడతామంటున్నారు. భూమి పోయినోళ్ళకైనా ప్యాకేజీ మాటుంది. రణస్థలం, లావేరు మొక్కజొన్నకి పేరు చెడితే ఎవడు కొంటాడు, ఆ నష్టం ఎవరిస్తారు? గ్రామసభలో ఇదే అడగాల, కాగితం మీద రాయించుకోవాల.

అన్నట్టు, ఆ "మనకేటి" అన్నాయనకి నాలుగు పాడిగేదెలున్నాయి.