పురిటింటి న్యాయము

ఉద్దానపు పల్లెనుండి దినదినమును పలాసకు బోయి జీడిపప్పు ఒలిచి బ్రదుకు నొక యువతిని పాఠకులు మనసున దలంతురుగాక. ఆమెకు ఏడవ మాసము వచ్చినది. గంటల తరబడి కూర్చుండలేక పని మానినది. పని మానిననాడు కూలి లేదు. పెనిమిటి చెన్నపట్టణముననో హైదరాబాదుననో కట్టడపు పనిలో నున్నాడు. ఆమె పురిటికి పుట్టిల్లు చేరినది. సర్కారు ఆసుపత్రిలో కాన్పునకు రుసుము లేదు, సంతోషమే. కాని కాన్పునకు ముందు మూడు నెలలును, తరువాత మూడు నెలలును ఆ యింట పొయ్యి యెట్లు రగులవలయును? ప్రసూతి సహాయమనునది ఈ ప్రశ్నకు ప్రభుత్వము చెప్పు సమాధానము. ఆ సమాధానము ధర్మసమ్మతముగా నున్నదా యని విచారించుటయే నేటి మా యుద్దేశము.

జరిగిన మేలును కాదనుట మా మతము కాదు. 2005లో జననీ సురక్షా పథకము వచ్చినది. ఆ యేటనే 108 బండ్లు కదలినవి. 2007 ఏప్రిల్ 1వ తేదీన ఆరోగ్యశ్రీ తొలుత ప్రారంభమైన మూడు జిల్లాలలో మన శ్రీకాకుళ మొకటి. 2011 జూను నెలనుండి సర్కారు ఆసుపత్రులలో కాన్పు, మందులు, పరీక్షలు, భోజనము, రాకపోకలు ఉచితమని శాసించిరి. కొండలమీది గర్భిణులు నెలలు నిండకముందే దిగివచ్చి వైద్యుని చేరువ నుండునట్లు 2018లో సాలూరున వసతిగృహము నెలకొల్పిరి. 2023లో విజయనగరమున వైద్యకళాశాల వెలసినది. ఇవి యన్నియు వైద్యపు ఖర్చును దగ్గించినవి. పోయిన కూలిని మాత్రము తిరిగి యీయలేదు. ఆ లోటు తీర్చుటకే వేఱొక శాసనము పుట్టినది.

2013 నాటి ఆహార భద్రతా చట్టము నాలుగవ విభాగమున, ప్రభుత్వోద్యోగులు మున్నగు అట్టి సౌకర్యము గలవారు దప్ప, గర్భవతియైన ప్రతి స్త్రీకిని 6,000 రూపాయలకు దక్కువ గాని సాయము హక్కుగా లభింపవలెనని వ్రాసిరి. ‘ప్రతి’ యను మాటకు నిఘంటువులో నొకటే యర్థము. కాని 2017లో మాతృవందన పథకము వచ్చునప్పటికి 6,000 కాస్త 5,000 అయినది. ‘ప్రతి స్త్రీ’ కాస్త ‘మొదటి కాన్పు స్త్రీ’ యైనది. జననీ సురక్ష సొమ్మును గలిపికొన్నచో లెక్క సరిపోవునని యేలినవారి వాదము. ఒక చేతితో నిచ్చినదానిని రెండవ చేతి లెక్కలోను వ్రాసికొను షావుకారును మన పల్లెలలో ఏమందురో మేము చెప్పనక్కఱలేదు.

సొమ్ము విలువను గూడ చూతము. 2013-14లో మన రాష్ట్రమున ఉపాధి హామీ పనికి దినకూలి 149 రూపాయలు. నాటి 6,000 రూపాయలు సుమారు నలువది దినముల కూలి. 2024-25లో ఆ కూలి 300 అయినది. అప్పుడు అదే మొత్తము ఇరువది దినముల కూలి. అంకె మారకయే సాయము సగమైనది. శాసనసభలో నొక్క ఓటైన పడకుండ, పత్రికలో నొక్క వార్తయైన రాకుండ, పేదతల్లి హక్కు సగము హరించిపోయినది!

ఇక రెండవ కాన్పు మాట. 2022 ఏప్రిల్ నుండి రెండవ బిడ్డ ఆడుపిల్ల యైనచో 6,000 రూపాయ లిత్తుమనిరి. ఆడుబిడ్డ పుట్టుకను గౌరవింపవలెనను తలంపు మెచ్చదగినదే. కాని బిడ్డ యెవరో పుట్టినదాక దెలియదు. కనుక సొమ్మును పుట్టిన పిమ్మటనే వచ్చును. కడుపుతో నున్న దినములలో, కూలి పోయిన దినములలో, తల్లికి చేయూత లేదు. మగబిడ్డను గన్న తల్లి నడుము తక్కువ నొచ్చినదా? ఆమె పోగొట్టుకొన్న కూలి తక్కువయా? 2024లో మన శాసనసభ, ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక యెన్నికలలో నిలువరాదను నియమమును రద్దుచేసినది. జననములు తగ్గుచున్నవని పెద్దలు చింతించుచున్నారు. పిల్లలు కావలెననువారు తల్లులను లెక్కపెట్టి యిచ్చుట యే నీతి?

ఇదే దేశమున 2017లో చట్టమును సవరించి, పదిమందికి దక్కువగాని సిబ్బంది గల సంస్థలలోని స్త్రీలకు మొదటి రెండు కాన్పులకును జీతముతో 26 వారముల సెలవు విధించిరి. అనగా 182 దినములు. కచేరీలో కూర్చుండు తల్లికి 182 దినములు. గింజ లొలుచు తల్లికి ఇరువది. మొదటిది అధికమని మే మనము. రెండవది అన్యాయ మనుచున్నాము. ఇచ్ఛాపురము దాటినచో ఒడిశా. అచ్చట 2011లోనే మమతా పథకమున రెండు కాన్పులకును 5,000 చొప్పున నిర్ణయించిరి. తమిళనాడు 2018లో ముత్తులక్ష్మీరెడ్డి పేరిటి సాయమును 18,000 చేసినది. పొరుగువారికి సాధ్యమైనది మనకేల కాదు?

‘బొక్కసమున ధనము లేదు’ అందురు. 1928లో బొంబాయి శాసనసభలో ప్రసూతి సౌకర్యపు బిల్లును బలపఱచుచు డాక్టరు అంబేద్కరు, ఈ భారము ప్రధానముగా ప్రభుత్వమే వహింపదగినదని వాదించెను. అప్పుడు దేశము పరాధీనము. అయినను మరుసటి యేట బొంబాయిలోను, 1934లో మన మద్రాసు రాజధానిలోను చట్టములు వచ్చినవి. చెల్లింపజాలని కారణమున నెవ్వరికిని వైద్యము లేకపోరాదని భోర్ సంఘము 1946లో చాటినది. పరప్రభుత్వముచేత నొప్పింపగలిగిన ధర్మమును స్వరాజ్యమున బేరమాడవలసి వచ్చుట సిగ్గుచేటు.

‘సొమ్మిచ్చిన దుర్వినియోగ మగును’ అని మరికొందరందురు. జీతగాండ్రు సెలవు జీతమును ఎట్లు వ్యయపఱచిరని యెవ్వరును అడుగరు. ఆ శంక పేదలకే వర్తించునా?

కాగితముల చిక్కును మఱువరాదు. మొదటి నియమములలో భర్త ఆధారు సంఖ్యను గూడ కోరిరి. అత్తవారింటి చిరునామా, పుట్టింటి కాన్పు, ఒక పత్రమున నొక యింటిపేరు, మఱియొక పత్రమున వేఱొకటి: వీనిని సరిచేయు లోపల బిడ్డ నడక నేర్చును. పురిటికి పుట్టింటికి బోవుట తెలుగుదేశపు ఆచారము. ఆచారమునకు దగినట్లు నియమ ముండవలెను గాని, నియమమునకు దగినట్లు గర్భిణి నడువదు.

మేము కోరునది మూడు మాటలలో చెప్పవచ్చును. బిడ్డ యెవరైనను, ఎన్నవ కాన్పైనను, చట్టము చెప్పినట్లు ప్రతి తల్లికిని సాయ మందవలయును. ఆ మొత్తము దినకూలితో పాటు ఏటేట పెరుగవలయును. అందు సగము కాన్పునకు ముందే, ఆమె యే యూర నున్నను, చేతికి రావలయును.

పట్టణములలోని పఠనమందిరములలో ఈ విషయమును చర్చించి, తీర్మానములు చేసి, తమ తమ శాసనసభ్యులకును పార్లమెంటు సభ్యులకును పంపవలసినదిగా మా చదువరులను ప్రార్థించుచున్నాము. జీడిపప్పు ఒలుచు చేతులకు అర్జీ వ్రాయు తీరిక లేదు. చదువు నేర్చిన మనకు ఆ తీరిక గలదు. ఆ ఋణమును గలదు.