ప్రశ్నలోనే సిద్ధాంతమా?

ప్రాచ్య కళాశాలల పరిశోధక విద్యార్థులు గ్రంథాలయమునకే పరిమితులు గాక గ్రామములకు వెళ్లి జనులనడిగి విషయసేకరణ చేయుట హర్షణీయము. అయితే వ్రాతప్రతుల పరిష్కరణమున చూపు శ్రద్ధలో సగమైనను ప్రశ్నావళిని కూర్చుటలో మనము చూపుట లేదు.

ఖమ్మం జిల్లా కారేపల్లి ప్రాంతమున వ్యవసాయ పదములను సేకరింపనెంచిన యొక విద్యార్థి తన ప్రశ్నావళిని నాకు చూపెను. అచట తెలుగుతో పాటు కోయ, లంబాడీ భాషలు వినవచ్చును. మొదటి ప్రశ్న: “దీనిని మీరు నాగలి అందురా?” అడిగినవాడు చదువుకొన్నవాడు గదా యని రైతు మర్యాదకై “ఔను” అనును. అట్లు సేకరింపబడినది రైతు పదము కాదు, విద్యార్థి పదమే. “దీనిని మీ యింట ఏమందురు?” అని యడుగవలెను. ఒకే వస్తువునకు ప్రాంతమునకొక పేరుండునని 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశము, వ్యవసాయ పదముల సంపుటము, మనకు చూపియే యున్నది.

రెండవ ప్రశ్న: “మీ పిల్లలకు కోయభాషయు తెలుగును చక్కగా వచ్చునా?” ఒకటి వచ్చి మరొకటి రానిచో ఏమని చెప్పవలెను? ‘చక్కగా’ అను మాటకు తల్లి యొక యర్థము, బడిపంతులు వేరొక యర్థము చెప్పుకొందురు. వాక్ఛలమునకు ‘నవకంబల’ శబ్దమును ఉదాహరణముగా మనమందరము చదివితిమి. క్రొత్త కంబళియా, తొమ్మిది కంబళులా? వాదమున దోషమైనది ప్రశ్నావళిలో గుణమగునా?

పదసేకరణతో సంబంధమే లేని మూడవ ప్రశ్న: “పోడు వలన అడవి నశించుచున్నదని అంగీకరింతురా?” ఇది ప్రశ్న కాదు, సిద్ధాంతము. 2005 డిసెంబరు 13 నాటికి సాగులోనున్న అటవీభూమిపై గిరిజనుల హక్కును గుర్తించినది 2006 నాటి చట్టము. కావున అచట పోడు అను మాటతో కుటుంబముల జీవనమే ముడిపడియున్నది. కాగితము పట్టివచ్చినవాడు అధికారియేమోయని జంకి చెప్పిన మాట ప్రమాణమెట్లగును? ఆప్తవాక్యమే శబ్దప్రమాణము, భయము ఆప్తునిచేతను అయథార్థము పలికించును.

“ఔను, కాదు అను ఉత్తరములే లెక్కకు సులభము గదా” యని కొందరి ఆక్షేపము. చెదరిన ఉత్తరములను పిమ్మట వర్గీకరింపవచ్చును. వక్రప్రశ్నకు వచ్చిన ఉత్తరమును సరిదిద్దుటకు మార్గము లేదు.

కావున ప్రశ్నావళిని ముందుగా కొలదిమందిపై పరీక్షింపవలెను. వారికేమి బోధపడినదో వారి మాటలలోనే చెప్పించుకొనవలెను. తానెవరో, ఏల వచ్చెనో విద్యార్థి ముందే తెలిపి, ఇష్టము లేనిచో చెప్పనవసరము లేదనవలెను. అభిప్రాయమడుగునపుడు పూర్వపక్షమునకును సమాన స్థానమీయవలెను. అడిగిన ప్రశ్నలను యథాతథముగా సిద్ధాంతగ్రంథమున ముద్రింపవలెను.

కవి వాక్యమును మనము తప్పుగా వ్యాఖ్యానించినచో మూలమును చూచి మరొక పండితుడు దిద్దును. కారేపల్లి రైతు మన గ్రంథమును చదివి దిద్దబోడు. అందుచేతనే అతని మాట విషయమున మన బాధ్యత అధికము.