బాకీ తీర్చిన పాటలు

పాటగాడికి అరవై యేళ్ళు దాటగానే శ్రోతలు రెండు మాటలు సిద్ధం చేసుకుని కూర్చుంటారు. పాట నచ్చకపోతే, "పాపం, గొంతు పోయిందండీ" అంటారు. నచ్చితే, "ఈ వయసులో కూడా ఎలా పాడుతున్నాడో చూశారా!" అంటారు. మొదటిది జాలి, రెండోది మెచ్చుకోలు. చిత్రమేమిటంటే, రెండింటిలోనూ వయసు ప్రసక్తి ఉన్నది గాని పాట ప్రసక్తి లేదు.

కచేరీ అయితే సరే అనుకోండి. ఎదురుగా జనం ఉంటారు. పెద్దాయన వేదిక ఎక్కగానే లేచి నిలబడి చప్పట్లు కొడతారు. గొంతు తడబడినా ఆ చప్పట్లు కప్పేస్తాయి. స్టూడియోలో కూర్చుని కొత్తగా ఒక ఆల్బమ్ ఇవ్వడం అలాంటిది కాదు. అక్కడ నాలుగు గోడలూ, ఒక మైకూను. మైకుకు మొగమాటం లేదు. పైగా ఇదివరకే డజన్లకొద్దీ రికార్డులు ఇచ్చినవాడు మరొకటి ఇస్తానంటే, "మళ్ళీ పాత చింతకాయ పచ్చడేనా?" అని జనం అడగడంలో తప్పు లేదు. చాలాసార్లు అది పాత చింతకాయ పచ్చడే కూడాను. కంపెనీతో ఒప్పందం ఉన్నందుకొకటి, పాత పేరు మాసిపోకుండా ఒకటి - ఇలా వచ్చినవి కొల్లలు. కాని అరుదుగా ఒక్కొక్కటి అలా కాకుండా వస్తుంది. అది ఎందుకు వేరుగా ఉంటుందన్నదే నా ప్రశ్న.

పాశ్చాత్య దేశాల్లో బ్లూస్, జాజ్, రాక్ అని మూడు బాణీలున్నాయి. మూడింటికీ దగ్గర చుట్టరికం. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, పత్తిచేలలో చాకిరీ చేసిన నల్లజాతివారి కష్టసుఖాలలోనుంచి పుట్టినది బ్లూస్. వారే పట్టణాల్లో బాకాలూ పియానోలూ చేర్చుకుని, మన విద్వాంసుల మనోధర్మం లాగా అప్పటికప్పుడు కల్పించి వాయించిన సంగీతం జాజ్. బ్లూస్ కడుపున పుట్టి, దేశదేశాల కుర్రకారును పట్టుకున్నది రాక్. ఒక్కొక్క బాణీలోనుంచి ఒక్కొక్క రికార్డు చూద్దాం.

మొదటిది మడ్డీ వాటర్స్‌ది. మిసిసిపీ పత్తితోటల్లో పెరిగి, 1943లో షికాగో చేరి, బ్లూస్ గిటారుకు కరెంటు తగిలించి మహానగరంలో మారుమోగించినవాడు. 1968లో ఆయన కంపెనీవారికి ఒక ఆలోచన తట్టింది. కుర్రవాళ్ళ మోజు మారింది గదా, పెద్దాయనకూ ఆ వేషమే వేద్దామన్నారు. గిటార్ల ధ్వనిని యంత్రాలతో మెలికలు తిప్పి "ఎలక్ట్రిక్ మడ్" అనే రికార్డు తీశారు. అది తనకు నచ్చలేదని తరవాత ఆయనే చెప్పాడు. తాతగారికి మనవడి చొక్కా తొడిగితే తాతగారు కుర్రవాడవుతారా?

1976లో జానీ వింటర్ అనే టెక్సాస్ గిటారు వాద్యగాడు రంగంలోకి వచ్చాడు. తెల్లవాడు, మడ్డీ రికార్డులు వింటూ పెరిగినవాడు. అతను కొత్త వేషం వెయ్యలేదు. పెద్దాయననూ, ఆయనకు అలవాటైన వాద్యగాళ్ళనూ ఒక్కచోట కూర్చోబెట్టి, "మీరు ఎప్పుడూ వాయించేట్టే వాయించండి" అన్న పద్ధతిలో నడిపించాడు. మూడు రోజుల్లో పని ముగిసింది. 1977లో వచ్చిన ఆ రికార్డు పేరు "హార్డ్ అగైన్". మొదటి పాట 1955లో మడ్డీ పాడిన "మానిష్ బాయ్". తాను మగవాణ్ణని చాటుకునే పాట అది. నలభై యేళ్ళ వయసులో పాడినప్పుడు అందులో ఉన్నది కవ్వింపు. అరవై దాటాక అదే పాట సాక్ష్యంలాగా వినిపిస్తుంది. వెనకనుంచి వింటర్ ఆనందం పట్టలేక కేకలు వేస్తూనే ఉంటాడు. ఆ కేకలే నాకు అసలైన చప్పట్లుగా తోస్తాయి. దానికి గ్రామీ బహుమానం కూడా వచ్చింది. ఆ తరవాత మడ్డీ ఆరేళ్ళు బ్రతికాడు; 1983లో పోయాడు.

రెండోది రాక్. 1962లో లండనులో కొందరు కుర్రవాళ్ళు మడ్డీ వాటర్స్ పాటలోని మాటే తమ బృందానికి పేరుగా పెట్టుకున్నారు. వారే రోలింగ్ స్టోన్స్. మొదట్లో వారు పాడినవి చాలావరకు ఆ నల్లజాతి విద్వాంసుల పాటలే. తరవాత సొంత పాటలతో ప్రపంచాన్నంతా ఊపేశారు. 2015 డిసెంబరులో కొత్త పాటల కోసం లండను స్టూడియోలో చేరారు. పాటలు ఒక పట్టాన కుదరలేదు. చేతులు కాస్త సాగుతాయని ఒక పాత బ్లూస్ పాట ఎత్తుకున్నారు. అది బాగుందని మరొకటి, మరొకటీ. మూడు రోజుల్లో పన్నెండు పాటలయ్యాయి. ఒక్కటీ సొంతది కాదు! 2016లో వచ్చిన ఆ రికార్డు పేరు "బ్లూ అండ్ లోన్‌సమ్". అందులో కొన్ని పాటలు లిటిల్ వాల్టర్‌వి. మడ్డీ బృందంలో ఒకప్పుడు హార్మోనికా ఊదినవాడే ఈ వాల్టర్. అదే వాద్యాన్ని ఇందులో జాగర్ ఊదుతుంటే, ఆ ఊపిరిలో నటన కనబడదు. అప్పటికి జాగర్‌కు 72 యేళ్ళు. ఇరవై యేళ్ళ కుర్రవాడు ముసలివాడి దుఃఖం పాడితే ఎంత బాగున్నా అనుకరణే. డెబ్భై దాటాక అదే పాట సొంతమవుతుంది. పాట మారలేదు, పాడేవాడే దాని దగ్గరికి నడిచి వచ్చాడు.

మూడోది జాజ్. డ్యూక్ ఎల్లింగ్టన్ వెయ్యికి పైగా రచనలు చేసినవాడు. ఆయన రికార్డులు లెక్కపెట్టడమే ఒక ఉద్యోగం. దాదాపు ముప్పై యేళ్ళు ఆయన వెంట ఉండి, బాణీలు కట్టి, ఆయన కుడిచెయ్యిగా బ్రతికినవాడు బిల్లీ స్ట్రేహార్న్. ఎల్లింగ్టన్ బృందానికి ముఖముద్రగా నిలిచిన "టేక్ ది ఎ ట్రెయిన్" నిజానికి స్ట్రేహార్న్ రచన. 1967 మే 31న ఆయన క్యాన్సరుతో 51వ యేట పోయాడు. మూడు నెలలు తిరగకుండానే 68 యేళ్ళ ఎల్లింగ్టన్ బృందాన్ని స్టూడియోకు పిలిచి, స్ట్రేహార్న్ రచనలతోనే ఒక ఆల్బమ్ మొదలుపెట్టాడు. అనారోగ్యంతో ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో స్ట్రేహార్న్ పూర్తిచేసిన "బ్లడ్ కౌంట్" అందులో ఉన్నది. దానిని జానీ హాడ్జెస్ సాక్సఫోను మీద వాయించాడు. ఆ బాధకు వ్యాఖ్యానం అక్కరలేదు.

పని అయిపోయింది. వాద్యగాళ్ళు సామాను సర్దుకుంటున్నారు. ఎల్లింగ్టన్ ఊరికే పియానో ముందు కూర్చుని స్ట్రేహార్న్ కట్టిన "లోటస్ బ్లాసమ్", అంటే తామరపువ్వు, వాయించడం మొదలుపెట్టాడు. అది తన చేత వాయించుకుని వినడం స్ట్రేహార్న్‌కు ఎంతో ఇష్టమట. టేపు తిరుగుతూనే ఉన్నది. రికార్డులో ఆ పియానో వెనక మాటలూ, సామాన్ల చప్పుడూ ఇప్పటికీ వినిపిస్తాయి. స్టూడియోవారు వాటిని తుడిచెయ్యకపోవడం మన అదృష్టం.

ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు తడుతున్నది. వయసు మళ్ళిన విద్వాంసుడు "నన్ను మరవకండి" అని చేసే రికార్డు ఒక రకం. దానిలో చెయ్యి చాపడం ఉంటుంది. "నాకిచ్చినవారిని మరవలేదు" అని చేసేది మరొక రకం. అది బాకీ తీర్చడం. గొంతులో జీర ఉంటే ఉండనివ్వండి, బాకీ తీర్చే చేతికి వణుకు ఉంటే మాత్రం ఏం?

ఒక్క సంగతి మాత్రం మనసును పట్టుకుని వదలదు. ఎల్లింగ్టన్ వాయించిన తామరపువ్వును స్ట్రేహార్న్ వినలేదు. రోలింగ్ స్టోన్స్ రికార్డు వచ్చేనాటికి మడ్డీ పోయి 33 యేళ్ళు. మూడు బాకీల్లోనూ ఇచ్చినవాడు ఎదురుగా ఉండగా, వాయిదా వెయ్యకుండా తీర్చినది జానీ వింటర్ ఒక్కడే. అతని కేకల్లో అంత సంతోషం ఎందుకున్నదో ఇప్పుడు తెలిసింది గదా!