సరుకుల చీటీ సరే, వంటిల్లు ఎవరు చూస్తున్నారు?

2025 సెప్టెంబరులో ఎన్‌పీఎంలో ఒక పురుగు పడింది. జావాస్క్రిప్ట్ ప్రోగ్రామర్లు తమకు కావలసిన రెడీమేడ్ కోడ్ ముక్కలను తెచ్చుకునే ఉమ్మడి గిడ్డంగి అది. 'షాయ్ హులూద్' పేరుతో వార్తల్లోకి వచ్చిన ఆ పురుగు వందలాది ప్యాకేజీల్లోకి పాకింది. అందుకోసం అది ఏ కంపెనీ సర్వర్‌నూ బద్దలు కొట్టలేదు. ప్రోగ్రామర్ ఒక ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయగానే దానితోపాటు వచ్చిన స్క్రిప్టు తనంతట తానే నడిచింది. ఆ కంప్యూటర్‌లో దొరికిన ఎన్‌పీఎం, గిట్‌హబ్, క్లౌడ్ ఖాతాల రహస్య తాళాలను ఏరుకుంది. వాటితోనే అతని పేరిట ఉన్న మిగతా ప్యాకేజీల్లోకీ దూరింది. నవంబరులో రెండో విడత కూడా వచ్చింది.

మరో సైబర్ దాడిగానే దీన్ని చాలామంది చదివి వదిలేశారు. అసలు అడగాల్సింది వేరే ఉంది. సాఫ్ట్‌వేర్ తయారయ్యే చోటే ఇన్ని తాళంచెవులు ఎందుకు పడి ఉన్నాయి?

ప్రోగ్రామర్ రాసే కోడ్ మనిషి చదవగలిగేది. మన ఫోన్‌లోనో బ్యాంకు సర్వర్‌లోనో నడిచేది యంత్రానికి మాత్రమే అర్థమయ్యే రూపం. మొదటిదాన్ని రెండోదిగా మార్చే పనినే బిల్డ్ అంటారు. తనిఖీ చేసేవారు సాధారణంగా మొదటిదాన్ని చూస్తారు, మనం వాడేది రెండోదాన్ని. ఈ రెంటి మధ్య ఒక కంప్యూటర్ ఉంటుంది. దానిలో ఏం జరిగిందో బయటివారికి తెలియదు. ఇది కొత్తగా బయటపడిన భయం కూడా కాదు. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లో అచ్చయిన తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలోనే ఈ సంగతి చెప్పారు. కోడ్‌ను మార్చే కంపైలరే చెడిపోయి ఉంటే, కోడ్‌లో ఎక్కడా కనిపించని దొంగదారి తుది ప్రోగ్రామ్‌లో ఉండవచ్చని ఆయన చూపించారు.

చాలాచోట్ల ఆ మధ్యనున్న కంప్యూటర్ ఒక ఉద్యోగి ల్యాప్‌టాపే. అందులోనే ఈమెయిల్, అందులోనే బ్రౌజర్, పాత ప్రాజెక్టుల సామాను, పోయిన ఏడాది ఎవరో వేసిన లైబ్రరీలు. "నా మెషీన్‌లో నడుస్తోంది కదా" అనే మాట ఐటీ ఆఫీసుల్లో జోకుగా తిరుగుతుంటుంది. ఆ జోకు వెనుక ఉన్న నిజం ఏమిటంటే, ఆ ప్రోగ్రామ్ తయారీకి ఏమేం వాడారో తయారుచేసినవారికే పూర్తిగా తెలియదు.

దీనికి విరుగుడు విడి బిల్డ్ వాతావరణం. అంటే కంప్యూటర్ లోపలే ఒక మూసిన గది. దాన్ని కట్టుకోవడం ఎలాగో డెబియన్ లినక్స్ వాలంటీర్లు ఏళ్ల తరబడి చేసి చూపిస్తున్నారు. డీబూట్‌స్ట్రాప్ అనే పనిముట్టు ఒక ఖాళీ ఫోల్డర్‌లో చిన్నపాటి డెబియన్ వ్యవస్థను నింపుతుంది. లోపల నడిచే ప్రోగ్రామ్‌కు ఆ ఫోల్డరే లోకం. దానికి ప్రోగ్రామర్ సొంత ఫైళ్లు, పాస్‌వర్డులు కనబడవు. ఫలానా ప్రోగ్రామ్ తయారీకి ఫలానా కంపైలర్, ఫలానా లైబ్రరీలు కావాలని ముందే రాసి ఇస్తే అవి మాత్రమే లోపలికి వస్తాయి. రాయడం మరిచిపోతే బిల్డ్ ఆగిపోతుంది. విసుగు పుట్టించే ఈ ఆగిపోవడమే దీనిలోని అసలు లాభం. కోడ్‌నంతా ముందే తెచ్చుకుని, దాని హ్యాష్ సరిచూసుకుని, ఆ తర్వాత నెట్‌వర్క్ తెంచేస్తారు. పని పూర్తయ్యాక ఫలితాన్ని బయటికి తీసి గదిని చెరిపేస్తారు. మరుసటిసారి మళ్లీ కొత్త గది.

ఫోల్డర్‌నే లోకంగా చూపే ఛ్రూట్ మాత్రమే భద్రతకు గోడ కాదు. పూర్తి అధికారాలతో నడిచే ప్రోగ్రామ్ దాన్ని దాటి రాగలదు. అందుకే కంటైనర్లు, ఇంకా గట్టిగా కావాలంటే వర్చువల్ మెషీన్లు. 2013లో డాకర్ వచ్చాక కంటైనర్ కట్టడం సులువైంది కానీ, పేరుకు మాత్రమే మూసిన గదులూ పెరిగాయి. ఉద్యోగి హోమ్ ఫోల్డర్‌ను కంటైనర్‌లోకి తెరిచి పెడితే, రహస్య తాళాలను అందులోకే పంపితే, గది ఉన్నా తలుపు లేనట్టే. 'లేటెస్ట్' అని రాసి ఇమేజ్ తెచ్చుకుంటే ఇవాళ్టి గది, రేపటి గది ఒకటే అన్న హామీ కూడా ఉండదు.

ఈ పట్టింపంతా ఎందుకో సోలార్‌విండ్స్ ఉదంతం చెబుతుంది. 2020 డిసెంబరులో బయటపడిన ఈ దాడిలో చొరబాటుదారులు కంపెనీ కోడ్ గిడ్డంగి జోలికి పోలేదు. బిల్డ్ సర్వర్‌లో 'సన్‌స్పాట్' అనే కాపలా ప్రోగ్రామ్ పెట్టారు. ఒరాయన్ అనే ఉత్పత్తి బిల్డ్ మొదలవగానే అది ఒక కోడ్ ఫైలును మార్చేది, పని ముగియగానే పాత ఫైలును యథాస్థానంలో పెట్టేది. కోడ్‌ను ఎన్నిసార్లు తనిఖీ చేసినా దొరకదు. పైగా తుది ఉత్పత్తికి కంపెనీ సొంత డిజిటల్ సంతకమే పడింది. కలుషితమైన అప్‌డేట్ సుమారు 18,000 మంది ఖాతాదారులదాకా వెళ్లి ఉండవచ్చని కంపెనీయే చెప్పింది. అమెరికా ఆర్థిక శాఖ కూడా బాధితుల్లో ఉంది. 2021 మే నెలలో అప్పటి అధ్యక్షుడు బైడెన్ ఇచ్చిన కార్యనిర్వాహక ఉత్తర్వులో, వేరే పాలనలో ఉండే విడి బిల్డ్ వాతావరణాలు అనే మాట రాతపూర్వకంగా చేరడానికి నేపథ్యం ఇదే.

గది కట్టుకుంటే అంతా క్షేమమని కూడా అనుకోలేం. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు పనిముట్టులో దొంగదారి దొరికింది. బహిరంగ కోడ్ గిడ్డంగిలో లేని ఒక బిల్డ్ స్క్రిప్టును విడుదల కట్టలో మాత్రం చేర్చారు. డెబియన్ లాంటి వ్యవస్థల ప్యాకేజీ బిల్డ్‌లో ఉన్నానని గుర్తించినప్పుడే అది మేల్కొనేది. మూసిన గదిలోకి సరుకే విషమై వస్తే గది ఏం చేస్తుంది? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వబట్టి అది బయటపడింది. కాబట్టి సరుకు ఎక్కడిదో చూడాలి, వంటిల్లూ చూడాలి.

మన దేశంలో మొదటి సగం మీద కదలిక వచ్చింది. సెబీ 2024 ఆగస్టులో ఇచ్చిన సైబర్ భద్రతా చట్రంలో సాఫ్ట్‌వేర్ సరుకుల చీటీని, అంటే ఎస్‌బీఓఎంను చేర్చింది. అదే ఏడాది అక్టోబరులో సెర్ట్-ఇన్ దానికి సాంకేతిక మార్గదర్శకాలు ఇచ్చి, 2025 జులైలో విస్తరించింది. ఇది మంచిదే. కానీ చీటీ రాసేది వంటవాడే. సోలార్‌విండ్స్ నుంచి ఆ రోజుల్లో చీటీ అడిగి ఉంటే నిజాయితీగానే ఇచ్చి ఉండేవారు, అందులో సన్‌స్పాట్ పేరు ఉండేది కాదు.

రెండో సగం ఎంత వెనకబడిందో ఆరోగ్య సేతు గుర్తుచేస్తుంది. 2020 మే 26న కేంద్రం ఆ యాప్ ఆండ్రాయిడ్ కోడ్‌ను బహిరంగం చేసింది. అప్పటికే 11 కోట్ల మందికి పైగా దాన్ని వాడుతున్నారు. కోడ్ చూపించడం పెద్ద అడుగే, అందులో అనుమానం లేదు. అయితే చూపించిన కోడ్ నుంచే తమ ఫోన్‌లోని యాప్ తయారైందని ఒక పౌరుడు రుజువు చేసుకోవాలంటే ఆ కోడ్‌ను తాను మళ్లీ బిల్డ్ చేసి, రెండింటినీ బైటు బైటుగా పోల్చగలగాలి. సిగ్నల్ మెసెంజర్ తన ఆండ్రాయిడ్ యాప్‌కు 2016లోనే ఆ వెసులుబాటు కల్పించింది. డెబియన్ 2013 నుంచి ఇదే పని మీద ఉంది, ప్యాకేజీల్లో అత్యధిక భాగాన్ని అలా పోల్చదగిన స్థితికి తెచ్చింది. బిల్డ్ చేసిన వేళ ఫైలులోకి ఎక్కినా రెండు ప్రతులు తేడాగా వస్తాయి గనుక గడియారాన్ని కూడా ఒకచోట బిగించాల్సి వచ్చింది.

ఇది మన ఇంజినీర్లకు చేతకాని విద్య కాదు. సీ-డ్యాక్ వారి బాస్ లినక్స్‌కు ఆధారం డెబియనే, హైదరాబాద్ స్వేచ్ఛ బృందం తెలుగులోకి తెచ్చిన లినక్స్‌కూ డెబియనే ఆధారం. విదేశీ ఖాతాదారు అడిగితే మన కంపెనీలు ఈ గదులు కట్టి ఇస్తాయి. స్వదేశీ ప్రభుత్వ కొనుగోళ్లలో ఆ షరతు ఇంకా మామూలు విషయం కాలేదు. అడగనిదాన్ని తక్కువ రేటుకు పని దక్కించుకున్న సంస్థ తనంతట తాను చేస్తుందని ఆశించడం అమాయకత్వం.

ఖర్చు కూడా పెద్ద అడ్డంకి కాదు. మొదటి గది కట్టడానికి ఒక మామూలు డెస్క్‌టాప్, కొంత ఖాళీ డిస్కు చాలు. కష్టమైనది రెండో బిల్డ్, అంటే తయారీదారుతో సంబంధం లేనివారు అదే కోడ్‌తో మళ్లీ చేసి చూడటం. ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌కు ఆ పని చేయగల సంస్థ మనకు లేకపోలేదు. కేంద్ర ఐటీ శాఖ కింద పనిచేసే ఎస్‌టీక్యూసీకి హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో ప్రయోగశాలలు ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ పరీక్షలు దాని రోజువారీ పనే. దాని బల్ల మీదికి కోడ్‌తోపాటు తయారీ విధానం కూడా రావాలి. కంపైలర్ వెర్షన్, లైబ్రరీల హ్యాష్‌లు, గది కట్టే స్క్రిప్టు అన్నీ కాంట్రాక్టులోనే అప్పగింతల జాబితాలో రాస్తే తప్ప అవి రావు. పని పూర్తయి బిల్లు చెల్లించాక అడిగితే, అప్పటికి ఆ ల్యాప్‌టాప్ ఉన్న ఉద్యోగి మరో కంపెనీలో ఉంటాడు.