ఇంటా బయటా: తలుపు గంటకు నెల చందా

చందా అంటే ఏమిటో మన సంఘంవారికి ఒకరు చెప్పనక్కరలేదు. సంవత్సర చందా, జీవిత చందా, ఉగాది ఉత్సవాలకు విడిగా మరొక చందా. ఇచ్చేవారు విసుక్కుంటూనైనా ఇస్తారు. వసూలుకు వచ్చినవారు కాఫీ పుచ్చుకుని రసీదు చింపి చేతికిస్తారు. ఈమధ్య మన ఇళ్లలోకి కొత్తరకం చందా ఒకటి ప్రవేశించింది. దీనికి రసీదు పుస్తకం లేదు, కాఫీ ఖర్చూ లేదు. బ్యాంకు ఖాతాలోనుంచి తనంతట తానే పోతుంది. అది వీథి తలుపు గంటకు కట్టే చందా.

గంట అంటే మన పాత కరెంటు గంట కాదు. దీనికొక కన్నుంటుంది, చెవి ఉంటుంది, నోరూ ఉంటుంది. ఎవరైనా మీట నొక్కితే చాలు, ఇంటివారు ఏ దేశంలో ఉన్నా వారి ఫోనులో వచ్చినవారి ముఖం కనిపిస్తుంది, అక్కడినుంచే పలకరించవచ్చు. మా వీథిలో వృద్ధ దంపతులిద్దరే ఉండే ఇంటికి, కొడుకు అమెరికానుంచి వచ్చినప్పుడు దీనిని బిగించి వెళ్లాడు. వెళ్లిన వారానికే తెల్లవారుజామున ఫోను: "అమ్మా, పాలవాడు వచ్చి నిలబడ్డాడు, తలుపు తియ్యి!" ఆవిడ ఊరుకునే మనిషి కాదు. "ఒరే, అక్కడ నీకు రాత్రయింది గదరా! అన్నం తినక మా పాలవాణ్ణి చూస్తూ కూర్చున్నావా?" అన్నారు. వీథంతా నవ్వుకున్నాం. అయినా సౌకర్యం సౌకర్యమే. మోకాళ్ల నొప్పులవారు ప్రతి పిలుపుకూ లేచి వెళ్లనక్కరలేదు. ముక్కూ మొగం తెలియనివాడు వస్తే తలుపు తీయకుండానే పంపించవచ్చు.

చిక్కు రెండవ నెలలో వచ్చింది. వారు ఊళ్లో లేనిరోజున గుమ్మంలో పెట్టి వెళ్లిన పార్సెలు మాయమయింది. ఫోను తెరిచి చూస్తే గుమ్మంలో ఇప్పుడేమి జరుగుతున్నదో కనిపించింది గాని నిన్న ఏమి జరిగిందో కనిపించలేదు. నిన్నటిది కావాలంటే చందాదారులై ఉండాలట. మొదటి నెల ఉచితంగా ఇచ్చిన గడువు కాస్తా తీరిపోయింది. పోనీ ఇప్పుడు కడదామన్నా లాభం లేదు. చందా లేనినాడు ఆ బొమ్మను అసలు దాచనేలేదు. "కొన్నది గంటను మాత్రమే, దాని జ్ఞాపకశక్తి అద్దెకన్నమాట!" అన్నారు ఆ పెద్దాయన.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. గుమ్మం ముందు ఏదైనా కదిలితే ఈ గంట కొద్దిపాటి వీడియో తీసి, వైఫై ద్వారా కంపెనీవారి కంప్యూటర్లకు పంపుతుంది. ఎక్కడో దూరాన ఉన్న ఆ నిల్వకే క్లౌడ్ అని పేరు. ఇన్ని ఇళ్ల బొమ్మలు దాచడానికి వారికీ ఖర్చవుతుంది గనుక చందా అడగడం అన్యాయమని నేననను. అట్టపెట్టెమీద యంత్రం ఘనతను పెద్ద అక్షరాలతోనూ, చందా సంగతిని చీమ తలకాయంత అక్షరాలతోనూ అచ్చువేయడమే నాకు నచ్చదు.

అమెరికాలో పేరుపడిన రింగ్ గంట లెక్క చూడండి. 2013లో డోర్‌బాట్ అన్న పేరుతో మొదలయింది. 2018లో అమెజాన్ కంపెనీ కొన్నది. చందా లేనివారు అప్పటికప్పటి దృశ్యం చూడవచ్చు, మాట్లాడవచ్చు. దాచిన వీడియో మాత్రం ఉండదు. అక్కడ ఒక గంటకు నెల చందా 3 డాలర్లుండేది. 2022 జూలైలో 3.99 అయింది, 2024 మార్చిలో 4.99 అయింది. ఏడాదికి ఒకేసారి కట్టినా 49.99. గంట ఖరీదు వంద డాలర్లనుకుంటే రెండేళ్లకొకసారి దానిని మళ్లీ కొన్నట్టే గదా! వింక్ అనే కంపెనీ కథ ఇంకా విచిత్రం. ఇంటి దీపాలు, తాళాలు నడిపే పెట్టెలను అది చందా ప్రసక్తి లేకుండా అమ్మింది. 2020 మేలో, వారం రోజులలో నెలకు 4.99 డాలర్ల చందాలో చేరకపోతే అవి పనిచేయవన్నది. గోల పుట్టాక గడువు మాత్రం పెంచింది.

నిజానికి తలుపు కెమెరా నిన్న మొన్నటిది కాదు. న్యూయార్కులోని క్వీన్స్ ప్రాంతంలో ఉండే మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు, ఒంటరిగా ఇంట్లో ఉన్నప్పుడు తలుపు తట్టేదెవరో తెలియక భయపడి, భర్తతో కలిసి 1966లో దీనికి పేటెంటు కోరింది. 1969 డిసెంబరులో లభించింది. తలుపుకు వేర్వేరు ఎత్తులలో కన్నాలు, వాటి వెనుక పైకీ కిందికీ జరిగే కెమెరా, పడకగదిలో టెలివిజను, అక్కడినుంచే మాట్లాడే ఏర్పాటు, గడియ తీసే మీట. ఆమె యంత్రంలో బొమ్మ వీథి తలుపునుంచి పడకగదిదాకా పోయేది, అంతే. ఈనాటి బొమ్మ సముద్రాలు దాటుతుంది.

దాటినది ఎవరి కంట పడుతుందన్నదే నాకు చందాకంటె పెద్ద బెంగ. 2017లో రింగ్ ఉద్యోగి ఒకడు స్త్రీల పడకగదులలో, స్నానపు గదులలో ఉన్న కెమెరాల వీడియోలు వేల సంఖ్యలో చూశాడని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2023లో ఆ కంపెనీ 58 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది. 2024 ఫిబ్రవరిలో వైజ్ అనే కంపెనీలో పొరపాటు జరిగి, సుమారు 13,000 మందికి ఇతరుల ఇళ్ల బొమ్మలు కనిపించాయి.

కాబట్టి కొట్లో అడగవలసిన మొదటి ప్రశ్న ధర కాదు, "చందా లేకుండా నిన్నటి వీడియో చూడవచ్చునా?" అన్నది. కొన్నిటిలో మెమొరీ కార్డు పెట్టుకోవచ్చు. కొన్నిటికి ఇంటిలోపల ఉంచే రికార్డరు పెట్టె ఉంటుంది. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున ఆపకుండా తీస్తే రోజుకు సుమారు 11 జీబీ అవుతుంది. 128 జీబీ కార్డులో పదకొండు రోజులు పడుతుంది. కదలిక ఉన్నప్పుడే తీసేదానిలో ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. నిండాక పాతది చెరిపి కొత్తది రాసుకుంటుంది. అయితే కార్డు గంటలోనే ఉంటే, దొంగ గంటను ఊడబెరుక్కుపోయినప్పుడు సాక్ష్యంకూడా వాడి సంచీలోనే పోతుంది. ఆ భయం ఉన్నవారికి లోపలి పెట్టె మేలు, లేదా చందాయే మేలు. చందా కట్టేవారు ఒకటి గమనించాలి. బ్యాంకు తనంతట తాను డబ్బు తీసే ముందు, కనీసం 24 గంటల ముందుగా కబురు పంపాలని రిజర్వు బ్యాంకు నియమం 2021 అక్టోబరునుంచి అమలులో ఉన్నది. ఆ కబురును పనికిమాలిన మెసేజీలలో కలిపి చెరిపివేయకండి.

ఇక ఇంటిలోపలి కెమెరాల సంగతి. కలకత్తాలో ఒకే ఇంటిలో ఉంటున్న అన్నదమ్ముల తగాదాలో, కలిసి ఉండేవారి సమ్మతి లేకుండా నివాసభాగంలో కెమెరాలు నడపడం వారి గోప్యతకు భంగమని అక్కడి హైకోర్టు 2025లో తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. వ్యక్తుల సమాచార రక్షణకని వచ్చిన 2023 చట్టమేమో, మనిషి తన ఇంటి అవసరానికి చేసే పనిని తన పరిధిలోంచి తప్పించింది. కోడలు, అత్తగారు, పనిమనిషి తిరిగే హాలులో కన్ను పెట్టదలచినవారు ముందు వారినే అడగడం మంచిది.

వఠారాలలో, ఎదురెదురు గుమ్మాల ఫ్లాట్లలో ఇంకొక పేచీ ఉంది. మన గంట కన్ను తిన్నగా ఎదురింటివారి గడపమీద పడుతుంది. వారింటికి ఎవరు వచ్చారో, మెట్లమీద ఏమి మాట్లాడుకున్నారో మన ఫోనులో చేరుతుంది. ఆ భాగాన్ని మాత్రం కప్పిపెట్టే వీలు, మాటలు రికార్డు కాకుండా ఆపే వీలు చాలా గంటలలో ఉన్నాయి. బిగించడానికి వచ్చిన కుర్రవాడు అడగనిదే చెప్పడు. వాడు నిచ్చెన దిగకముందే అడిగి పెట్టించుకోండి.